మందుకు లొంగని వ్యాధి

మానవ శరీరంలో జీర్ణాశయం వెనుక ఒదిగి ఉండే చిన్న అవయవం క్లోమగ్రంథి. ఆహారాన్ని జీర్ణం చేసే రసాలను, రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను అది అందిస్తుంది. ఇంతటి ఉపకారికి క్యాన్సర్ వస్తే ఆ సంగతి చాలాకాలం బయటపడదు. కామెర్లో, నడుమునొప్పో, అకారణంగా బరువు తగ్గడమో కనిపించేనాటికి ఎందరికో శస్త్రచికిత్సకు వీలుండదు. అప్పుడు మిగిలే ప్రధానమైన ఆధారం కీమోథెరపీ. అదీ ఈ వ్యాధి ముందు తరచు తడబడుతుంది.

మందు పనిచేయనప్పుడు చుట్టుపక్కలవారు రోగినే తప్పుపట్టడం కద్దు. ధైర్యం చాలలేదంటారు, పథ్యం చెడిందంటారు. నిజానికి కారణం కణితిలోనే ఉంది. క్లోమ క్యాన్సర్ కణాల చుట్టూ నారవంటి కణజాలం దట్టంగా పేరుకొని కోటగోడలా నిలుస్తుంది. ఆ ఒత్తిడికి రక్తనాళాలు నలిగి, మందు చేరే దారి మూసుకుపోతుంది. గోడ దాటినా, జెమ్‌సిటబిన్ అనే మందు కణంలోకి వెళ్ళడానికి కణపు పొరలో ద్వారాల వంటి ప్రోటీన్లు ఉండాలి. అవి తక్కువైతే మందు వెలుపలే నిలిచిపోతుంది. 2017లో శాస్త్రజ్ఞులు మరొక వింతను వెల్లడించారు. 113 కణితులను పరీక్షించగా 86 కణితులలో బాక్టీరియా కనిపించింది. వీటిలో కొన్ని రకాలు ఆ మందును నిర్వీర్యం చేయగలవు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరసత్యం.

గోడను కూలిస్తే చాలునని కొందరు పరిశోధకులు ఆశపడ్డారు. కాని 2014లో వెలువడిన పరిశోధనలలో, ఎలుకలలో ఆ కణజాలాన్ని తగ్గించినప్పుడు వ్యాధి మరింత విజృంభించింది. మందును ఆపే గోడే వ్యాధిని కూడ కొంత నిలువరిస్తున్నదని తేలింది. శత్రువును ఎరుగక చేసే దాడి ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది.

అయినా ప్రయత్నం ఆగలేదు. 2011లో ఫ్రాన్సు వైద్యులు నాలుగు మందులను కలిపి ఇచ్చే విధానం ఫలితాలను ప్రకటించారు. ఇతర అవయవాలకు వ్యాధి పాకిన రోగుల మధ్యస్థ జీవితకాలం జెమ్‌సిటబిన్‌తో 6.8 నెలలు కాగా, ఈ విధానంతో 11.1 నెలలు. దుష్ఫలితాలు కూడ అధికమే. కనుక తట్టుకోగల శక్తి ఉన్నవారికే దానిని ఇస్తారు.

నాలుగు నెలలంటే ఆరోగ్యవంతునికి స్వల్పం. బిడ్డ పరీక్షా ఫలితం కోసం, మనుమరాలి పెండ్లి కోసం ఎదురుచూసే రోగికి అది ఎంతో విలువైన కాలం. ఆ గడువును ఇంకా పెంచాలంటే, వ్యాధి ఎందుకు లొంగడం లేదో ఓపికతో తెలుసుకోవాలి. లొంగనిది వ్యాధి మాత్రమేనని, అందులో రోగి దోషం లేదని గ్రహించడం సమాజం బాధ్యత.