గింజాలో తారల సంచీలు

టోకియోలో గింజా వీధికి వెళ్ళి ఉత్త చేతులతో రావడం కష్టం సుమండీ! కొత్త సరుకు షాపులకు దీటుగా పాత సరుకు షాపులూ దర్జాగా ఉంటాయక్కడ. అద్దాల బీరువాలో హెర్మెస్ వారి 'కెల్లీ' బ్యాగు! 1956లో మొనాకో రాకుమారుణ్ణి పెళ్ళాడిన తార గ్రేస్ కెల్లీ పేరే దానికి. ధర చూశాను. కళ్ళు తిరిగాయి!

చెల్లెలి పెళ్ళి కానుకకని దాచిన డబ్బు అందులో సగానికైనా రాదు. పక్కనే లూయీ విటాన్ వారి చిన్న 'స్పీడీ' కనబడింది. ఆడ్రీ హెప్‌బర్న్ అడిగి మరీ చేయించుకున్న సైజు!

అసలుదేనా? గుండె దడదడ. సేల్స్ అమ్మాయి తెల్లటి గ్లవ్స్ తొడుక్కుని, అరిగిన మూలల్ని తనే వేలుపెట్టి చూపించింది. చీటీ మీదా 'బి' ర్యాంకు అని రాసే ఉంది. జపాన్‌లో పాత సరుకు వ్యాపారానికి లైసెన్సు కావాలి. దొంగసొత్తు చేరకుండా, తెచ్చినవాళ్ళ గుర్తింపు చూడాలని 1949 నాటి చట్టం. పిడి తేనెరంగుకు తిరిగింది. రంగు వెయ్యని తోలు చేతివాటుకు అలాగే ముదురుతుందట. కుట్లు లెక్కపెట్టినంత పనిచేసి, రసీదు రాయించుకుని కొనేశాను.

ఇంటికొచ్చాక చెల్లెలు పిడి తడిమి, "పాతదా అన్నయ్యా?" అంది. నా ప్రాణం చివుక్కుమంది. "ఎవరో అపురూపంగా చూసుకున్నారు. ఇక నా వంతు!" అంటూ భుజాన తగిలించుకుంది.

హమ్మయ్య!