నరం పెరిగే లోపు

11 జూన్ 2024, మంగళవారం, ధర్మవరం

బండి మీంచి పడి కుడి దండచెయ్యి విరిగిన నేతన్న ఈ ఉదయం ఫిజియోథెరపీకి నా దగ్గరికి వచ్చాడు. ఎముకకు ప్లేటు వేశారు. రేడియల్ నరం తెగలేదని, బాగా నలిగిందని సర్జన్ చీటీలో రాశారు. చెయ్యి చాపమంటే మణికట్టు వాలిపోతోంది. పిడికిలి బిగించమంటే పట్టు లేదు. నేను మణికట్టును ఎత్తి పట్టుకోగానే అదే పిడికిలికి బలం వచ్చింది. ముడిచే కండరాలు బాగానే ఉన్నాయి. మణికట్టును ఎత్తి నిలిపే కండరాలకే నరం నుంచి కబురు అందడం లేదు.

మోచేతి బయటి ఎముక నుంచి పైకి వేలితో మెల్లగా తట్టుకుంటూ పోయాను. 8 సెం.మీ. పైన ‘జుమ్మంటాంది మేడమ్, బొటనేలి దాకా’ అన్నాడు. అక్కడ పెన్నుతో గీత పెట్టి, కొలత, తేదీ కార్డులో రాశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో నరాలు దెబ్బతిన్న సైనికులను చూసి 1915లో ఫ్రాన్సులో జూల్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్ వివరించిన పరీక్ష ఇది. కొత్తగా పెరుగుతున్న నరపు కొస ఎక్కడుందో అక్కడ జుమ్మంటుంది. గీత కిందికి జరుగుతూ వస్తే నరం పెరుగుతున్నట్టే.

‘మగ్గం కాడ ఎప్పుడు కూచోవచ్చు?’ అని అడిగాడు. నరం రోజుకు దాదాపు 1 మి.మీ. పెరుగుతుందని చెప్పాను. నెలలు పడుతుందని ఆయనే లెక్క కట్టుకున్నాడు.

23 జూన్, ఆదివారం

నిన్న ఆయన కొడుకు ఫోన్‌లో వీడియో చూపించాడు. ‘పట్టులో ఉండే ప్రోటీన్‌తో నరాలు పెరుగుతాయంట మేడమ్. మా యమ్మ ఆ బంకంతా ఉడకేసి పారబోస్తాంది.’

పిల్లవాడి ఆశను తీసిపారేయలేను, అందులో కొంత నిజం ఉంది. పట్టుపోగులో దాదాపు ముప్పావు వంతు ఫైబ్రాయిన్, దాని చుట్టూ అంటుకున్న బంక సెరిసిన్. సబ్బు, సోడా నీళ్లలో ఉడికిస్తే కరిగిపోయేది ఈ సెరిసినే. రెండింటి మీదా పరిశోధనలు జరుగుతున్నాయి. నరం తెగి మధ్యలో ఖాళీ ఏర్పడితే, ఫైబ్రాయిన్‌తో చేసిన సన్నటి గొట్టాన్ని వంతెనగా కుట్టవచ్చని చైనాలోని నాన్‌టాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల తుంటి నరం మీద చూపించారు. ఆ ఖాళీ 10 మి.మీ. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. జర్మనీలోని హనోవర్‌లో సాలీడు పట్టుతో గొర్రెల కాలి నరంలో 6 సెం.మీ. ఖాళీని పూడ్చారు. అది 2011 నాటి మాట. పట్టు ఎక్కువగా పండే బ్రెజిల్ రాష్ట్రం పరానాలో ఎలుకల తుంటి నరాన్ని నలిపి, సెరిసిన్‌నూ, ఈత కొట్టించడాన్నీ విడిగానూ కలిపీ పరీక్షించారు.

అయితే ఈ నేతన్న నరం తెగలేదు, గొట్టంతో ఆయనకు పని లేదు. ఇక సెరిసిన్ అంటారా, నరం నలిగినవాళ్లకు ఇచ్చే మందుగా అది ఇంకా స్థిరపడలేదు. వీడియోలో అమ్మే పొడికి డబ్బు పెట్టొద్దని అబ్బాయికి స్పష్టంగా చెప్పాను.

17 జులై, బుధవారం

నేతన్న చేతి మీది గీత మోచేతికి 5 సెం.మీ. దగ్గరికి వచ్చింది.

ఎలుకల ఫలితాలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. నలిగిన తుంటి నరం ఎలుకలో ఏ మందూ లేకుండానే నెల రోజుల్లో చాలావరకు కోలుకుంటుంది. దాని కాలు చిన్నది, నరం పోవాల్సిన దూరం తక్కువ. మనిషి చేతిలో ఆ దూరం ఎన్నో రెట్లు. నరం చేరేలోగా కండరం చిక్కిపోతుంది, కీళ్లు బిగుసుకుపోతాయి. వ్యాయామం అవసరం అక్కడే.

అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ట్రెడ్‌మిల్ మీద నడిపించిన చిట్టెలుకల్లో నరపు కొసలు మరింత దూరం పెరిగాయి. నరాన్ని పోషించే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌కు ఇందులో పాత్ర ఉంది. మనుషుల్లోనూ అంతే వేగం వస్తుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. కీలు కదులుతూ ఉంటుందని మాత్రం ధైర్యంగా చెప్తాను.

ఈ రోజు బల్ల మీద టాల్కం పౌడరు చల్లి, చెయ్యిని పక్కకు ఆనించి, మణికట్టును వెనక్కి జరపమన్నాను. ఇలా అయితే చేతి బరువు ఎత్తాల్సిన పని ఉండదు. కదలిక రాలేదు. అయినా రాబోయే కదలికను మనసులో ఊహించుకుంటూ, ఎడమ చేత్తో ఆసరా ఇచ్చి చేయమన్నాను. మిగతా వేళ మణికట్టుకు స్ప్లింట్ ఉండాల్సిందే. నొప్పి పుట్టేదాకా, అలసిపోయేదాకా చేయొద్దని ఆయన భార్యకూ చెప్పాను.

7 ఆగస్టు, బుధవారం

చేనేత దినోత్సవం. ఊళ్లో సభలు జరిగాయి. మధ్యాహ్నం ఒక కుర్రాడు వచ్చాడు. మణికట్టు పడిపోయి రెండేళ్లు దాటింది. ‘అదే వస్తుంది’ అని ఎవరో చెబితే ఇంట్లో కూర్చున్నాడు. ముంజేతి వెనక కండ కరిగిపోయింది, వేళ్లు వంకరగా బిగిశాయి. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం చేరినా కండరం దాన్ని అందుకోలేదు. ఇప్పుడు పనిచేసే వేరే స్నాయువును మళ్లించి కుట్టే ఆపరేషనే దారి. చేతి సర్జన్ దగ్గరికి పంపాను. మనసుకు చాలా కష్టమనిపించింది.

21 సెప్టెంబరు, శనివారం

నేతన్న గీత మోచెయ్యి దాటింది. బొటనవేలు పైకి పెట్టి, నా చేతికి ఎదురుగా మోచెయ్యి వంచమన్నాను. ముంజేతి పై అంచున చర్మం కింద తాడులాంటి కండ ఒక్క క్షణం లేచి ఆగింది. రేడియల్ నరం తిరిగొచ్చేటప్పుడు మొదట పలికే కండరం అదే. మణికట్టు ఇంకా లేవలేదు. వేళ్లు, బొటనవేలు అన్నిటికంటే చివర.

పట్టు ఏదో ఒక రోజు మన ఆపరేషన్ గదుల్లోకి వస్తుందని నమ్ముతున్నాను, రావాలని కోరుకుంటున్నాను. అంతవరకు మన చేతిలో ఉన్నవి స్ప్లింటూ, రోజూ చేసే మెత్తటి వ్యాయామమూ, వేళకు చేయించే నరం పరీక్షా. మూడు నాలుగు నెలలైనా ఏ కండరమూ పలకకపోతే మళ్లీ సర్జన్‌ను కలిసి తీరాలి. మణికట్టో పాదమో వాలిపోయినవాళ్లు ఎవరైనా మొదటి వారంలోనే రండి.