వంటగట్టు ఎత్తు

మొన్న కర్నూలు ఇంట్లో బేల్దారి టేపు పట్టుకుని నిలబడి, "గట్టు ఎంత ఎత్తు పెట్టాలమ్మా?" అని అడిగాడు. నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వండే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగైదు అంగుళాల కిందికి గట్టు వచ్చేట్టు కొలుచుకోవాలట. కానీ ఆ ఇంట్లో వండబోయేది ఎవరో మాకే తెలీదు. అమ్మకానికి పెట్టిన ఇల్లు అది. కాస్త బాగుచేసి అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని రిపేర్లు మొదలుపెట్టాం.

ఆ ఇంటి కథ చెప్పాలంటే కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లోకి వెళ్ళాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులు కొన్ని గుడారాల్లోనే నడిచాయని మా మామగారు చెప్పేవారు. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులకు ఇళ్ళు దొరికేవి కావట. మామగారి నాయన అది చూసి, అప్పు చేసి 1955లో ఇల్లు కట్టించాడు. ముందు పోర్షన్ బాడుగకు, వెనక పోర్షన్ సొంతానికి.

మద్రాసులో ఉండొచ్చినవాళ్ళకు నచ్చాలని ముందు పోర్షన్‌కు హంగులన్నీ పెట్టించాడు. గుండ్రంగా తిరిగిన వరండా, మొజాయిక్ గచ్చు, గాలి ఆడేందుకు సిమెంటు జాలీలు, కిటికీల మీద పొడుగాటి సన్‌షేడ్లు. వెనక మాత్రం బేతంచెర్ల బండలు పరిచి, వంటింట్లో నేల మీద కట్టెల పొయ్యి, పొగ పోవడానికి పైన ఒక గవాచి. అంతే.

1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. ఇంటికి అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు. బాడుగకున్నవాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు, అప్పు మిగిలింది. తర్వాత టీచర్లూ బ్యాంకువాళ్ళూ వచ్చి ఉండిపోయారు. మా అత్తగారివాళ్ళు మాత్రం ఎప్పుడూ వెనక పోర్షన్లోనే. నేను 2000లో కాపురానికి వచ్చిందీ ఆ వెనక పోర్షన్‌కే.

విజయవాడలో ఆర్కిటెక్చర్ చదువుతున్న మా అమ్మాయి ఆ ముందు పోర్షన్ ఫోటోలు తీసుకుని తెగ సంబరపడింది. "ఇది మిడ్ సెంచరీ మోడర్న్ అమ్మా. అమెరికాలో ఇలాంటి పాత ఇళ్ళను వెతుక్కుని మరీ కొంటారు" అంది. మనకు ఇక్కడ గుడారాల రాజధాని ఉన్న రోజుల్లోనే పంజాబువాళ్ళకు లె కార్బూజియే చండీగఢ్ నగరాన్ని కట్టిస్తున్నాడట. అక్కడి ఆఫీసుల కోసం చేయించిన టేకు, బెత్తు కుర్చీలను పాతబడ్డాయని తుక్కు కింద పారేస్తే, ఎవరో కొనుక్కుపోయి విదేశాల్లో వేలంలో లక్షలకు అమ్మారట. "మన అటక మీద కూడా రెండు పాత కుర్చీలున్నాయి చూడు" అని మా ఆయన నవ్వాడు.

బ్రోకరుకు మాత్రం ఇవేవీ పట్టలేదు. "ఇంటికి ధర లేదు సార్, ఉండేది స్థలానికే. అయిదు సెంట్లు. బిల్డర్‌కైతే ఇట్లనే ఇచ్చేయొచ్చు" అన్నాడు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. మొత్తం 242 గజాలు. నాలుగిళ్ళ అవతల ఒక ఇంటిని కూలగొట్టి అపార్టుమెంటు లేపారు కూడా. మా ఆయనకు అది ఇష్టం లేదు. కాపురం ఉండేవాళ్ళకే అమ్ముదామన్నాడు. అలా అమ్మాలంటే వాళ్ళు లోపలికి రాగానే ముఖం చిట్లించకుండా ఉండాలి కదా. ఆరు లక్షలు దాటకుండా చేద్దామని లెక్క వేసుకున్నాం.

ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నదాంట్లో మా అమ్మాయీ ఆ ముసలి బేల్దారీ ఒక్క మాట మీద ఉండటం నాకు ఆశ్చర్యం. మొజాయిక్ పీకేసి మెరిసే టైల్స్ వేద్దామని బ్రోకరు అంటే ఇద్దరూ వద్దన్నారు. పాలిష్ పట్టిస్తే చాలు, ఖర్చు తక్కువ, వేసవిలో కాలికి చల్లన. తలుపుల మీది పెయింటు గీకిస్తే కింద నిఖార్సైన టేకు. ముందు మిద్దె మద్రాసు మిద్దె, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టింది. అది కారుతోంది. పైన వేసిన పొర తీసేసి ఇటుక జల్లి, సున్నం కలిపి మళ్ళీ దిమ్మిస కొట్టాలి. ఆ సున్నంలో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోస్తారని పుస్తకంలో చదివాను అంది మా అమ్మాయి. "పుస్తకం ఎందుకు పాపా, నేను చిన్నప్పుడు చేసినదే కదా" అన్నాడాయన.

ఇక గోడలు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు మీదికి వచ్చినప్పుడు మేమంతా మిద్దె ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నాం. నీళ్ళు తీశాక గోడలకు సిమెంటు పూయించాం. అదే తప్పయింది. సున్నపు గోడ లోపల తాగిన తేమను సిమెంటు బయటికి పోనివ్వదు. ఇన్నేళ్ళయినా నడుము ఎత్తు దాకా నెమ్ము, ఉప్పు రాలుతూనే ఉంది. బ్రోకరు "పుట్టీ పెట్టి రంగు కొట్టేయండి, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. సిమెంటు కొట్టించేసి సున్నపు గార పెట్టించాలనీ, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అడిగినవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాలనీ అనుకున్నాం. ఎలాగూ కర్నూల్లో ఇల్లు చూడటానికి వచ్చే ఎవరైనా మొదట అడిగే ప్రశ్న అదే.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత బ్రోకరు ఇంకో రెండు చెప్పాడు. "మేడం, ఇవి రెండూ లేకపోతే ఆడవాళ్ళు గడప కూడా దాటరు. ఒకటి, నిలబడి వండుకునే మంచి వంటగట్టు. రెండు, ఇంట్లో బాత్రూం."

కడప నుంచి మాతో వచ్చిన అత్తమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఆ మాట విని చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు ఎందుకో ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు. ఆ వంటింట్లో ఇప్పుడున్నది గట్టు కాదు. 1980లలో గ్యాసు వచ్చినప్పుడు, ఇంట్లో మిగిలిన కడప బండ ముక్క ఒకటి రెండు ఇటుక దిమ్మెల మీద పెట్టి "ఇప్పటికి ఇట్ల కానీ" అన్నారట. రెండడుగుల ఎత్తు. అత్తమ్మ నాలుగడుగుల పది అంగుళాల మనిషి. ఆమెకే వంగాల్సి వచ్చేది. రోజూ ఇరవై జొన్నరొట్టెలు ఆ బండ మీద వంగి తట్టింది. "ఇంకో అరడుగు లేపించండి" అన్నప్పుడల్లా "దసరాకు సున్నం కొట్టేటప్పుడు చూద్దాం" అనేవారట. దసరాకు సున్నం కొట్టేవారు. బండ అలాగే ఉండేది. నేనొచ్చాక నా నడుమూ అక్కడే పోయింది. నేనూ రెండు మూడుసార్లు అడిగి ఊరుకున్నాను.

బాత్రూం పెరటి చివర. రాత్రిపూట టార్చి పట్టుకుని నలభై అడుగులు నడవాలి. వానాకాలం తేళ్ళు. 2004లో, మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు, వంటింటి పక్క సామాను గదిలో చిన్న బాత్రూం కట్టిద్దామని మా ఆయనతో పోరాడాను. ఆయన సరేనన్నాడు కూడా. అత్తమ్మే అడ్డం పడింది. "దేవుని గూడు పక్కన అదేంది? నేనుండగా కుదరదు" అంది. చాలా ఏళ్ళు ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు అదే సామాను గదిలో, ముక్కూ ముఖం తెలియని వాళ్ళ కోసం, టైల్స్ వేసిన బాత్రూం కట్టిస్తున్నాం. పదిహేను రోజుల పని అన్నాడు బేల్దారి. పదిహేను రోజులు!

ఆ సాయంత్రం ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను. "అత్తా, ఆ పొద్దు నువ్వే కదా వద్దన్నావు?"

అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మీ మామకు ఇష్టం లేదు మ్మా. ఖర్చని గొణుగుతాండె. ఆయన వద్దంటే మీ ఆయన ఎదురు మాట్లాడతాడు, ఇద్దరికీ రేగుతాది. నువ్వు నిండు చూలాలివి. నా మీదేసుకుంటే పోతాది లే అనుకుంటి."

నాకేం చెప్పాలో తెలీలేదు. ఆ ఒక్క మాట కోసం ఇరవై ఏళ్ళు ఆమెను తప్పు పట్టాను. అలాగని ఆమె చేసింది సరైనదనీ అనలేను. ఆమె గొడవ తప్పించింది, నేను టార్చి పట్టుకుని నడిచాను. ఆమె కూడా నడిచింది.

డబ్బు లెక్క దగ్గర ఇంకో ముచ్చట. బెంగుళూరు నుంచి మా మరిది ఫోన్లో "మూడు భాగాలు కదా" అన్నాడు. అంటే మా ఆయన, మరిది, నంద్యాల్లో ఉన్న మా ఆడబిడ్డ. మా ఆయన కూడా కాగితం మీద మూడుతోనే భాగించాడు. "అత్తమ్మ వంతు?" అన్నాను. "అమ్మకు డబ్బెందుకు? మన దగ్గరే కదా ఉంటుంది" అన్నాడు. ఆయన మనసులో దురాశేమీ లేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు, అంతే.

వకీలు దగ్గర కూర్చున్నప్పుడు తేలింది. పెద్దాయన వీలునామా రాసి ఇచ్చాడు కాబట్టి ఇల్లు మామగారి సొంత ఆస్తి. మామగారు వీలునామా రాయకుండా పోయారు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, ప్రతి కొడుకుకూ, ప్రతి కూతురుకూ సమానంగా ఒక్కో వంతు. మూడు కాదు, నాలుగు భాగాలు. అత్తమ్మ సంతకం లేకుండా మొత్తం ఇల్లు రిజిస్ట్రేషనే కాదు. అక్కా, చెల్లీ, ఇది చదువుతున్న మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి లెక్క నడుస్తుంటే, ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అత్తమ్మ వంతు ఆమె పేరుతోనే బ్యాంకులో వేయాలని చివరికి ముగ్గురూ ఒప్పుకున్నారు.

ఇక గట్టు ఎత్తు. బేల్దారి "మామూలుగా ముప్పై మూడు, ముప్పై నాలుగు పెడతారు" అంటున్నాడు. మా ఆయన సరే అనబోతుంటే నేను అత్తమ్మను పిలిచాను. "అత్తా, రా. ఇక్కడ నిలబడు."

"నేనెందుకు? నేనేమన్నా ఉండబోతానా ఈడ?"

"రా అత్తా."

వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. మోచెయ్యి మడిచింది. బేల్దారి టేపు పెట్టి కొలిచి, నాలుగున్నర అంగుళాలు తీసేసి, సుద్దతో గీత గీశాడు. ముప్పై ఒకటి. అత్తమ్మ ఆ గీత మీద అరచెయ్యి పెట్టి, రొట్టె తట్టినట్టు రెండుసార్లు తట్టింది.

"గట్టు అయినాక ఒక నెల నేనీడ వండుకుంటా. ఆ తర్వాతే సంతకం" అంది. నవ్వుతూనే అంది గానీ, తమాషాకు కాదని అందరికీ తెలిసింది. "కొనేవాళ్ళు వచ్చేసరికి కొత్తగా కనబడాలమ్మా" అన్నాడు మా ఆయన. "తుడిచి పెడతాలే నాయినా. ఇన్నేండ్లు తుడవలేదా?" అంది. ఆయన ఇంకేమీ అనలేదు.

నెల రోజులూ నేను కడప, కర్నూలు తిరుగుతూనే ఉన్నాను. వెళ్ళినప్పుడల్లా అత్తమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం రొట్టె, గురుగాకు పప్పు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, నిటారుగా నిలబడి రొట్టె తడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. నాకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. ఈ గట్టుకు అయిన ఖర్చు ఎన్నో దసరాల సున్నం ఖర్చుతో సమానం కూడా కాదు.

ఇంతవరకు ఇద్దరు చూసి వెళ్ళారు. రెండో జంటలో ఆ అమ్మాయి పొడగరి. వరండా, మొజాయిక్ అన్నీ నచ్చాయి. వంటింట్లోకి వచ్చి గట్టు మీద చెయ్యి పెట్టి, "బాగుంది గానీ, కొంచెం పల్లంగా ఉందే" అంది. మా ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

అత్తమ్మ మాత్రం ముందుకొచ్చి, "నీ ఎత్తుకు లేపించుకో మ్మా. వచ్చిన వారంలోనే లేపించుకో. పండక్కి సూద్దాం అంటే మాత్రం ఒప్పుకోవద్దు" అంది.

వాళ్ళు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. కడపకు తిరిగొచ్చిన మరుసటి రోజే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను. మా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాలని ఆరేళ్ళుగా అనుకుంటున్నాం. రేపు వస్తానన్నాడు.