బండి బరువుగా నడుస్తోంది

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్న మొదటిసారి అన్నాడు, "ఈమధ్య బండి బరువుగా నడుస్తోందమ్మా" అని. నాన్నకి డెబ్భై నాలుగేళ్ళు. కారు 1998 మోడల్. నేను ఫోన్ చూసుకుంటూ, "బరువు బండిలో లేదు నాన్నా, నీ కాళ్ళలో ఉంది" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఫిబ్రవరిలో ఫోన్లో మళ్ళీ అదే మాట. పెట్రోలు ఎక్కువ తాగుతోందట. న్యూట్రల్ చేసి వదిలితే ఇదివరకులా దొర్లట్లేదట. నేను విన్నట్టే ఉండి, తర్వాత అమ్మకి ఫోన్ చేశాను. "ఇక డ్రైవింగ్ మాన్పించేద్దాం" అన్నాను. అన్నయ్య కూడా అదే అన్నాడు. కారు బానెట్ కూడా ఎత్తకుండా, ముగ్గురం కలిసి రోగం వయసుదని తేల్చేశాం.

మే నెలలో నేను విజయవాడ వెళ్ళింది ఆ కారు అమ్మించడానికే. మొగల్రాజపురం నుంచి బెంజి సర్కిల్ వైపు నేనే నడుపుతూ బయల్దేరాను. నాన్న పక్కసీట్లో ఉన్నాడు. కాసేపటికి స్టీరింగ్ ఎడమవైపుకి లాగడం మొదలైంది. ఒక సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కితే, ఎవరో వెనక పట్టుకుని ఆపినట్టు బండి కదలనంది. కాలిన వాసన. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా పొగ. దగ్గరికి వంగితే మొహానికి సెగ తగిలింది.

"పది నిమిషాలు ఆగుదాం. చల్లారితే వదులుతుంది" అన్నాడు నాన్న.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా చెప్పాడో నాకు ఒక క్షణం ఆగి గానీ అర్థం కాలేదు. ఇది మొదటిసారి కాదన్నమాట. ఇలా రోడ్డు పక్కన ఎన్నిసార్లు ఒక్కడే నిలబడ్డాడో.

ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ మమ్మల్ని బండి నడపనివ్వలేదు. వేరే బండికి కట్టి, మెల్లగా షెడ్డుకి లాక్కెళ్ళాడు. పాతికేళ్ళ కుర్రాడు. ఏం పాడైందని అడిగితే, "చూడకుండా ఏం చెప్తాం మేడమ్" అన్నాడు.

జాకీ వేసి, చక్రాలు ఒక్కొక్కటీ లేపి చేత్తో తిప్పాడు. మూడు హాయిగా తిరిగాయి. "నాలుగూ పట్టేస్తే మాస్టర్ సిలిండర్ని అనుమానించాలి. ఒక్కటే పట్టిందంటే గొడవ చాలావరకు ఆ చక్రం దగ్గరే." నన్ను బ్రేక్ తొక్కి వదలమన్నాడు. వదిలాను. చక్రం మాత్రం వదల్లేదు. అప్పుడు క్యాలిపర్ మీదున్న చిన్న నిపుల్‌ని పానాతో కాస్త వదులు చేశాడు. ఆయిల్ చిమ్మింది, చక్రం వెంటనే తిరిగింది.

"పిస్టన్ తుప్పుపట్టి ఇరుక్కున్నా, పిన్నులు ఎండిపోయి పట్టేసినా ఇలా రాదు మాస్టారూ. వచ్చిందంటే లోపల ప్రెషర్ ఆగిపోయిందని."

క్యాలిపర్‌కి వెళ్ళే రబ్బరు హోస్ విప్పి, బ్లేడుతో నిలువునా చీల్చి చూపించాడు. బయట ఒక్క పగులు లేదు. లోపల మాత్రం రబ్బరు ఉబ్బి, దారి దాదాపు మూసుకుపోయింది. కాలితో తొక్కే బలానికి ఆయిల్ ఎలాగోలా లోపలికి వెళ్ళిపోతుంది. కాలు తీసేశాక దాన్ని వెనక్కి నెట్టే బలం చాలా తక్కువ. అందుకని అక్కడే ఉండిపోతుంది. ప్యాడ్లు డిస్క్‌ని పట్టుకునే ఉంటాయి, చక్రం కాలుతుంది.

డబ్బా మూత తీస్తే బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంది. నాన్న తలదించుకుని, "ఎన్నేళ్ళయిందో మార్చి" అన్నాడు. హైస్కూల్లో సైన్స్ చెప్పిన మనిషి, మిగతాది తనే వివరించాడు. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. పట్టేసిన చక్రం వేడికి అది మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ నేలదాకా దిగిపోతుంది, బ్రేక్ పడదు. పట్టేసిన బ్రేకే, చివరికి అసలు బ్రేక్ లేకుండా చేస్తుంది.

నాలుగు నెలలు నాన్న నడిపింది ఆ బండిని. నాలుగు నెలల్లో రెండుసార్లు నాకు చెప్పాడు.

ముందు హోస్‌లు రెండూ, ప్యాడ్లూ, క్యాలిపర్ సీళ్ళూ మార్చి, కొత్త ఆయిల్ పోసి, గాలి తీశాడు. మళ్ళీ జాకీ మీద లేపి తిప్పితే చక్రం ఆగకుండా తిరిగింది. నాన్న దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆ రాత్రి డాబా మీద కూర్చున్నప్పుడు, "సంక్రాంతికే చెప్పావు కదా నాన్నా" అన్నాను.

"చెప్పాను" అన్నాడు. కాసేపాగి, "ఇంకోటి చెప్పలేదు. రాత్రిళ్ళు ఎదురు లైట్లు పడితే నాకు రోడ్డు కనపడట్లేదు. ఏడాది పైనే అయింది" అన్నాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"బండి సంగతి చెబితేనే తాళాలు తీసుకోవాలని చూశారు. కళ్ళ సంగతి చెబుతానా?"

మేం దాపరికంగా మాట్లాడుకున్నామనుకున్నది తనకి మొదట్నుంచీ తెలుసు. నా దగ్గర సమాధానం లేదు. రోడ్డు మీద అంతకంటే ప్రమాదమైన సంగతిని, మొదటిదాన్ని నేను వినలేదు కాబట్టి దాచుకున్నాడు.

కారు అమ్మలేదు. సోమవారం కంటి డాక్టర్ దగ్గరికి అందులోనే వెళ్ళాం. పొద్దున వెళ్ళేటప్పుడు నాన్న నడిపాడు. వచ్చేటప్పుడు, కళ్ళలో చుక్కల మందు వేశారు కాబట్టి, అడగకముందే తాళాలు నా చేతిలో పెట్టాడు.