ఉడ్‌వర్డ్ రోడ్డు మీద పాతకార్ల తిరునాళ్ళు

ఆగస్టులో పిల్లల దగ్గరికి మిషిగన్ వెళ్తున్నారా? అయితే మూడో శనివారం డెట్రాయిట్ నుంచి పోంటియాక్ ఊరికి వెళ్ళే ఉడ్‌వర్డ్ అవెన్యూ తప్పక చూసి రండి. 1995లో మొదలైన పాతకార్ల ఊరేగింపు అక్కడే. మడత కుర్చీలు, మంచినీళ్ళు మరచిపోకండి సుమా!

ఆ పోంటియాక్ పేరుగల కంపెనీ తెచ్చిన 1964 మోడల్ జీటీవో లాంటి, పెద్ద ఇంజను బిగించిన బండ్లను అక్కడ మజిల్ కార్లంటారు. ఒకాయన కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచుతాడు. ఇంజను నెంబరు కారు నెంబరుతో కలవాలి, రంగూ కంపెనీదే కావాలి. ఇంకొకాయన పైరేకు ఉంచేసి లోపల కొత్త ఇంజను, డిస్క్ బ్రేకులు, ఏసీ పెట్టిస్తాడు. ఒకరి పని ఒకరికి నచ్చదు. అమ్మమ్మ కాసులపేరు దాచాలా, చెరిపించి నెక్లెస్ చేయించాలా అని మనిళ్ళలో జరిగే వాదనే అనుకోండి!

బ్రేకులు మార్చినవాణ్ణి నేనైతే తప్పుపట్టను. పాతకాలం డ్రమ్ము బ్రేకులు బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది, ఇంటిల్లిపాదీ ఎక్కే బండాయె. తీసిన భాగాలు దాచుకుంటే మళ్ళీ బిగించుకోవచ్చు. కొత్త ఇంజను పట్టడం కోసం రేకే కోసేస్తే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆపి ఉంచిన కార్లకు బానెట్లు ఎత్తే ఉంటాయి. తొంగిచూడండి, ఎవరిది ఏ పక్షమో ఇట్టే తెలిసిపోతుంది.