తాళాలు తీయడం నా హాబీ... దొంగను కాదండీ!

ఖాళీ టైమ్‌లో ఏం చేస్తావని అడిగితే నా ఫ్రెండ్స్ సినిమాలనో, ట్రెక్కింగనో టక్కున చెప్పేస్తారు. నేను మాత్రం కాస్త ఆలోచించి చెప్పాల్సి వస్తుంది. ఎందుకంటే నా హాబీ తాళంచెవి లేకుండా తాళం తీయడం. లాక్ పికింగ్ అంటారు. ఆ మాట చెవిన పడగానే ఎదుటివాళ్ల చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ మీదకు వెళ్తుంది!

ఏడాది కావొస్తోంది మొదలుపెట్టి. హైదరాబాద్‌లో అద్దె గది, పొద్దుటినుంచీ కంప్యూటర్ ముందు ఉద్యోగం, ఇంటికొచ్చాక మళ్లీ ఫోను. చేతులతో చేసే పని ఏదైనా ఉంటే బాగుండు అనిపించేది. ఒక రాత్రి యూట్యూబ్‌లో ఎవరో తాళం తీస్తున్న వీడియో చూశా. లోపల ఏం జరుగుతోందో తెలియక నిద్ర పట్టలేదు. మర్నాడే లోపలి భాగాలు కనిపించేలా పారదర్శకంగా ఉండే ప్రాక్టీస్ తాళం ఒకటి ఆర్డర్ పెట్టా.

ఇంతకీ తాళం లోపల ఏముంటుంది? మన తలుపులకుండే సిలిండర్ తాళంలో తిరిగే గొట్టం ఒకటి ఉంటుంది. దానిమీద వరసగా అయిదో ఆరో పిన్నులు. ఒక్కో పిన్ను రెండు ముక్కలు. పైనుంచి స్ప్రింగు వాటిని కిందికి నొక్కుతూ ఉంటుంది. సరైన తాళంచెవి పెడితే దాని పళ్లు ఒక్కో పిన్నును కావలసినంత ఎత్తుకే లేపుతాయి. రెండు ముక్కలూ విడిపోయే చోటు అన్ని పిన్నుల్లోనూ ఒకే వరసలోకి వస్తేనే గొట్టం తిరుగుతుంది. ఒక్కటి వెంట్రుకవాసి ఎక్కువైనా, తక్కువైనా తిరగదు. పిన్నులతో తాళం అనే ఆలోచన ప్రాచీన ఈజిప్టు చెక్క తాళాల్లోనే ఉంది. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1860ల్లో దాన్ని ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చాడు.

మరి తాళంచెవి లేకుండా ఎలా తీస్తాం? ఏ యంత్రమూ ఆ రంధ్రాలన్నింటినీ నూటికి నూరుపాళ్లు ఒకే గీతమీద వేయలేదు. కంటికి కనిపించనంత తేడా ఉంటుంది. అదే మనకు దారి. వంచిన చిన్న పట్టీతో గొట్టాన్ని కొంచెం తిప్పి పట్టుకుంటే, ఆ తేడా వల్ల పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఒక్కొక్కటిగా బిగుస్తాయి. కొక్కెంలాంటి సన్నటి పుల్లతో ఒక్కో పిన్నునూ తడుముతూ బిగుసుకున్నది ఏదో కనిపెట్టాలి. దాన్ని మెల్లగా లేపితే ‘టిక్’ అంటుంది. తర్వాత ఇంకోటి బిగుస్తుంది. మళ్లీ వెతుకులాట.

చెప్పడానికి ఇంతే. పారదర్శకమైన తాళం మూడు రోజుల్లో వచ్చేసింది. మామూలు ఇత్తడి తాళానికి అయిదు వారాలు పట్టింది. లోపల ఏమీ కనిపించదు కదా! ఇందులో బలం పనికిరాదు. నిద్రపోతున్న పసిపాప బుగ్గమీద వేలు పెట్టినంత తేలిగ్గా పట్టుకోవాలి. కీకి మన భాషలో తాళంచెవి అని పేరెందుకు పెట్టారో తెలీదుగానీ, నాకైతే ఈ పనంతా వినడమే. కాకపోతే వేళ్లతో వినాలి.

మనదేశపు తాళాలది ఇంకో కథ. అలీగఢ్‌కి తాళాల నగరమనే పేరుంది. తమిళనాడులోని దిండిగల్ తాళానికి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇవాళ బీరువాలకు పేరున్న గోద్రెజ్ కూడా 1897లో బొంబాయిలో తాళాల తయారీతోనే మొదలైంది. మన ఇళ్లకు వేసే కప్పల్లో చాలావాటిలో పిన్నులుండవు, లివర్లనే పలకలుంటాయి. తాళంమీద ‘6 లివర్స్’ అని చెక్కి ఉండటం మీరూ చూసే ఉంటారు. వాటి పద్ధతే వేరు. నేనింకా అంతదాకా రాలేదు.

ఈ హాబీ ఉన్నవాళ్లందరూ పాటించే నియమాలు రెండు. ఒకటి, మీ సొంత తాళమైనా అయ్యుండాలి, సొంతదారు ఒప్పుకునైనా ఉండాలి. రెండు, వాడుకలో ఉన్న తాళం జోలికి పోకూడదు. పుల్ల విరిగి లోపల ఇరుక్కుంటే ఆ రాత్రి బయట పడుకోవాల్సిందే!

ఇవన్నీ చెప్పినా మా ఓనర్ ఆంటీకి అనుమానం తీరలేదు. “ఆడపిల్లవి, ఇవేం బుద్ధులమ్మా?” అని, మర్నాడే మేడమీద గదికి కొత్త తాళం వేశారు. నాకు ఫైన్‌మన్ గుర్తొచ్చాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అణుబాంబు తయారుచేసిన లాస్ అలమోస్‌లో ఆ భౌతిక శాస్త్రవేత్తకు సరదా ఏంటంటే, తోటివాళ్ల సేఫులు తెరవడం. ఒక కల్నల్‌కి సేఫ్ తీసి చూపించి, పని చేసుకునేటప్పుడు సొరుగులు తెరిచి ఉంచకండి, నంబరు తెలిసిపోతుందని జాగ్రత్త చెప్పాడు. కల్నల్ ఏం చేశాడు? ఫైన్‌మన్ వచ్చి వెళ్లిన గదుల్లో మాత్రం నంబర్లు మార్చమని ఆర్డరేశాడు! అంటే భయం తాళం గురించి కాదు, ఆ మనిషి గురించి.

1851లో లండన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ బ్రామా కంపెనీ షాపు కిటికీలో ఒక తాళం పెట్టి, తీసినవాళ్లకు 200 గినీలు ఇస్తామని ప్రకటించింది. అరవయ్యేళ్లు ఎవరివల్లా కాలేదు. హాబ్స్ అనే అమెరికన్ వచ్చి, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కష్టపడి తీసేశాడు. తాళాల్లోని లోపాలు బయటికి చెప్పొచ్చా, కూడదా అని అప్పట్లో పెద్ద చర్చ నడిచింది. దొంగలకు తెలిసిన సంగతి మనకూ తెలిస్తేనే మంచి తాళం పుడుతుందని నాకనిపిస్తుంది. అప్పటిదాకా నాకు ఈ విషయంలో ఏ సందేహమూ లేదు.

సందేహం దసరాకి వచ్చింది, మా పిన్ని రూపంలో.

పండక్కి వాళ్లింటికెళితే, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పిన్ని నన్ను చెల్లి గదిలోకి పిలిచింది. చెల్లి డిగ్రీ రెండో ఏడాది. ఆ పూట ఫ్రెండ్ ఇంటికెళ్లింది. “దీని టేబుల్ సొరుగు ఎప్పుడూ తాళమేసే ఉంటుందే. నీకు తీయడం వచ్చంటగా, ఒకసారి చూడు” అంది.

చూశా. చిన్న తాళం, నాలుగు పిన్నులుంటాయేమో. అయిదు నిమిషాల పని.

“చెల్లి తీయమంటే తీస్తా పిన్నీ” అన్నా.

“టేబులు కొన్నది నేను. తాళం కూడా నా డబ్బే. ఇంకా దాన్నడిగేదేంటి?”

నిజమే. నా మొదటి నియమం ప్రకారం సొంతదారు ఒప్పుకున్నట్టే. బిల్లు చూస్తే పిన్నిదే సొరుగు. కానీ ఆ తాళం వేసి, చెవి తన దగ్గర పెట్టుకుంది చెల్లి. మొన్న ఎనిమిదిన్నరకు భోజనం కూడా చేయకుండా గదిలోకెళ్లి ఏడ్చిందంటూ పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. అది చూశాక కాదనడం తేలికేం కాదు. లోపల గడియ పెట్టుకుని పిల్ల పలకకపోతే, ఆ తలుపు ఎవరూ అడక్కుండానే తెరుస్తా. అది ప్రాణం సంగతి. ఇక్కడ పిన్నికి కావలసింది, చెల్లి నోటితో చెప్పనిది.

“రాత్రి మనిద్దరం కూర్చుని అడుగుదాం పిన్నీ, నేనూ ఉంటాను” అన్నా.

“కన్నతల్లికన్నా నీకెక్కువా అది?” అని లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రి అడగలేదు. తర్వాత రెండు నెలలు నా ఫోన్ ఎత్తలేదు. సంక్రాంతికి అమ్మతో మాట్లాడుతూ, “నీ కూతురు బాగుందా?” అని మాత్రం అడిగిందట. చెల్లికి ఈ సంగతేమీ తెలియదు. సొరుగులో ఏముందో నాకూ తెలియదు. అప్పుడప్పుడూ తనకి నేనే ఫోన్ చేస్తున్నా. కాలేజీ కబుర్లు చెబుతుంది. ఒక్కోసారి ఏదో చెప్పబోయి ఆగుతుంది. నేను తొందరపెట్టను.

మీకూ నేర్చుకోవాలనుంటే ఒక ప్రాక్టీస్ తాళం, రెండు పుల్లలు, బోలెడంత ఓపిక చాలు. ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి. వీలైతే వాళ్ల ముందే కూర్చుని తీయండి. మీ తలుపు తాళం ఎలాంటిదో, దాని గొళ్లెం ఎంత గట్టిదో కూడా ఒకసారి చూసుకోండి. చాలామంది దొంగలకు ఇంత ఓపిక ఉండదు, గొళ్లెమే పీకేస్తారు. ఎవరైనా వచ్చి ఇంకొకరి తాళం తీయమంటే ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకోండి. అడిగేది పరాయివాళ్లే అయ్యుండక్కర్లేదు.