ఆ ఒడ్డు అందరిదీ!

ఒక పక్క ఆకాశాన్నంటే మేడలు. మరో పక్క కనుచూపుమేరా నీళ్లు. మధ్యలో సైకిల్ తొక్కుకుంటూ 30 కిలోమీటర్లు వెళ్లొచ్చు. పైసా కట్టక్కర్లేదు. షికాగోలోని ‘లేక్‌ఫ్రంట్ ట్రయిల్’ ప్రత్యేకత అదే. అంత ఖరీదైన ఒడ్డు జనానికే మిగలడం వెనక ఓ వ్యాపారి ఇరవయ్యేళ్ల పోరాటం ఉంది.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన మన పెద్దవాళ్లు మిషిగన్ సరస్సును చూసి ‘ఇది సముద్రం కాదూ!’ అనుకుంటే తప్పు లేదు. దాని విస్తీర్ణం దాదాపు 58 వేల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సగం! అవతలి గట్టు కనిపించదు. అలలు లేస్తాయి, ఇసుక తీరాలుంటాయి. ఉప్పుదనం ఒక్కటే లేదు. షికాగో నగరం తాగేదీ ఆ నీళ్లే.

ఆ చివర నుంచి ఈ చివరకు

సైకిల్ దారి ఉత్తరాన ఆర్డ్‌మోర్ అవెన్యూ దగ్గర మొదలై దక్షిణాన 71వ వీధి దగ్గర ముగుస్తుంది. తాపీగా తొక్కితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. సొంత సైకిలే ఉండాలని లేదు. ‘డివ్వీ’ అద్దె సైకిళ్లు 2013 నుంచీ దొరుకుతున్నాయి. ముందు లింకన్ పార్కు పచ్చదనం. తర్వాత ఓక్ స్ట్రీట్ బీచ్... అక్కడ మేడలు మీదికొచ్చేసినట్టే ఉంటాయి. గ్రాంట్ పార్కు దాటితే ఫీల్డ్ మ్యూజియం, చేపల ప్రదర్శనశాల, ప్లానెటోరియం వరసగా పలకరిస్తాయి. ఆపైన జనం పల్చబడతారు, గాలీ నీళ్లూ మిగులుతాయి.

ఈ సుఖం ఒక్కరోజులో రాలేదు. నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, చంటిపిల్లల బండ్లు, సైకిళ్లు... ఒకప్పుడు చాలాచోట్ల అందరిదీ ఒకటే బాట. వేసవి ఆదివారం వస్తే తోపులాటే! ఓ కోటీశ్వరుడు 1.2 కోట్ల డాలర్లు విరాళమివ్వడంతో పనులు ఊపందుకున్నాయి. 2018 చివరికల్లా సైకిళ్లకో దారి, పాదచారులకో దారి వేరయ్యాయి. షికాగో నది దాటేచోట ఇరుకు తీరడానికి మాత్రం ఇంకా ఆగాల్సి వచ్చింది. అక్కడ 2014లో మొదలైన ప్రత్యేక వంతెన 2021లో గానీ పూర్తికాలేదు.

కిటికీలోంచి చూసి...

అసలు ఈ ఒడ్డున భవనాలే లేచి ఉంటే? ఆ ప్రమాదం నిజంగానే వచ్చింది. గ్రాంట్ పార్కు ఉన్నచోట భవనాలు గానీ అడ్డంకులు గానీ ఉండకూడదని, అది ఎప్పటికీ ప్రజల జాగాయేనని 1836లోనే అధికారులు పటం మీద రాసిపెట్టారు. కానీ కాగితం మీది మాట ఎవరికి పట్టింది? 1871 నాటి ఘోర అగ్నిప్రమాదం తర్వాత కాలిన ఇళ్ల శిథిలాలను అక్కడే సరస్సులో పోశారు. చెత్తకుప్పలు, గుడిసెలు, గుర్రపుశాలలు వెలిశాయి.

ఆరన్ మోంట్‌గొమరీ వార్డ్ ఆఫీసు కిటికీ సరిగ్గా అటే ఉండేది. కేటలాగు చూసి ఉత్తరం రాస్తే సరుకు ఇంటికి పంపే వ్యాపారంతో పైకొచ్చిన మనిషి. 1890లో ఆయన నగరం మీదే కేసు వేశాడు. పెద్దలు, పత్రికలు దుమ్మెత్తిపోసినా వెనక్కి తగ్గలేదు. తను పోరాడుతున్నది కోటీశ్వరుల కోసం కాదు, పేదల కోసం అన్నాడు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు మాత్రం అడ్డు చెప్పలేదు. 1893లో వివేకానందుడు ప్రసంగించింది ఆ భవనంలోనే! పార్కు మధ్యలో ఫీల్డ్ మ్యూజియం కడతామంటే మాత్రం ససేమిరా అన్నాడు. 1911 నాటికి కోర్టులో ఆయన మాటే నెగ్గింది. మ్యూజియం పార్కుకు దక్షిణంగా జరిగి 1921లో తెరుచుకుంది. అది చూడకుండానే 1913లో వార్డ్ కన్నుమూశాడు.

ఆయన గెలిచింది ఒక్క పార్కు కోసమే. అయితే మిగతా ఒడ్డూ ప్రజలదే కావాలని 1909 నాటి నగర ప్రణాళిక చెప్పింది. అన్నిసార్లూ ఆ మాట చెల్లలేదు. నీటి అంచునే లేచిన మెకార్మిక్ ప్లేస్ ఎగ్జిబిషన్ కేంద్రమే సాక్ష్యం. దాని దగ్గర సైకిల్ దారి భవనానికీ నీళ్లకీ మధ్య సన్నగా ఒదిగి పోతుంది. మరోసారి చెల్లింది. ‘స్టార్ వార్స్’ దర్శకుడు జార్జ్ లూకస్ ఇక్కడ మ్యూజియం కడతానంటే పార్కుల కోసం పనిచేసే సంస్థ ఒకటి కోర్టుకెక్కింది. 2016లో ఆయన షికాగోను వదులుకుని, 2017లో లాస్ ఏంజిలెస్‌ను ఎంచుకున్నాడు.

వెళ్లాలనుకుంటే మే నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. చలికాలంలో అలలు దారి మీదికి దూకి గడ్డకడతాయి. అలాంటప్పుడు కొన్నిచోట్ల దారి మూసేస్తారు. మనిషి అడ్డుకోగలిగాడు గానీ, సరస్సును అడ్డుకునేదెవరు?